కోపిష్టి చేపల అక్వేరియంలో అడుగున ఎవరు ఉండగలరు?



పుట్టినరోజుకో, పరీక్షల్లో మంచి మార్కులు వచ్చినందుకో పిల్లలు అక్వేరియం అడగడం ఇప్పుడు చాలా ఇళ్లలో మామూలే. గోల్డ్ ఫిష్‌తో మొదలైన సరదా ఏడాది తిరిగేసరికి ఆస్కార్ మీదికో, నుదుటి మీద పెద్ద బొడిపె ఉన్న ఫ్లవర్‌హార్న్ మీదికో మళ్లుతుంది. ఈ చేపలు మనం దగ్గరికి వెళ్తే చాలు, అద్దం దాకా వచ్చి నిలబడతాయి. అలవాటైతే చేతిలోంచి మేత అందుకుంటాయి. పిల్లలకు అందుకే అంత ఇష్టం. చిక్కల్లా ఒక్కటే: పక్కన ఇంకో చేపను ఇవి తేలిగ్గా ఉండనివ్వవు.

కొన్నాళ్లకు ట్యాంక్ అడుగున మేత ముక్కలు, మలం పేరుకోవడం మొదలవుతుంది. "ఒక క్లీనర్ చేపను వేయండి, మొత్తం తినేస్తుంది" అని ఎవరో సలహా ఇస్తారు. రెండంగుళాల సక్కర్ చేప ఇంటికి వస్తుంది. రెండు రోజుల్లో అది చిరిగిన రెక్కలతో మూలన నక్కుతుంది, లేదా తెల్లారేసరికి కనిపించకుండా పోతుంది. "నా చేపే దాన్ని చంపేసిందా?" అని బాబో, పాపో అడిగితే మనకు వెంటనే మాట రాదు.

ఇలాంటి నష్టం చాలావరకు షాపులోనే మొదలవుతుంది, అక్కడే ఆపవచ్చు కూడా. కోపిష్టి చేపతో కలిసి అడుగున బతకగల చేపను ఎలా ఎంచుకోవాలో, ఎప్పుడు అసలు ఏదీ వేయకూడదో ఈ నెల తెలుసుకుందాం.

వాటికి ఆ కోపం ఎందుకు?

ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, కాన్విక్ట్, జాక్ డెంప్సీ, ఆఫ్రికాలోని మలావీ సరస్సు రంగురంగుల చేపలు అన్నీ సిక్లిడ్ అనే కుటుంబానికి చెందినవి. మన మార్కెట్లలో దొరికే తిలాపియా, కేరళ వాళ్లు ఇష్టంగా తినే కరిమీన్ కూడా ఈ కుటుంబమే. ఇప్పటివరకు శాస్త్రవేత్తలు గుర్తించిన సిక్లిడ్ జాతులు 1,600 పైమాటే. వీటిలో ఎక్కువ భాగం ఆఫ్రికాలో, మధ్య, దక్షిణ అమెరికాల్లో ఉన్నాయి.

చాలా చేపలు గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. సిక్లిడ్‌లు అలా కాదు. ఆస్కార్ జంట ఒక చదునైన రాయిని శుభ్రం చేసుకుని దాని మీద గుడ్లు పెడుతుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ కాపలా కాస్తారు. గుడ్లకు గాలి అందేలా రెక్కలతో నీటిని విసురుతూ ఉంటారు. మలావీ సరస్సు చేపల్లో తల్లి గుడ్లను నోట్లోనే పెట్టుకుని, దాదాపు 3 వారాలపాటు తిండి మానేసి మరీ పిల్లలను పెంచుతుంది.

మనం కోపం అంటున్నది ఎక్కువగా ఈ కాపలా గుణమే. జంట లేని ఒంటరి చేపలో కూడా తన చోటును కాచుకునే స్వభావం పోదు. ఇక్కడ మనం గమనించాల్సిన విషయం ఒకటుంది. సిక్లిడ్ తన సొంతం అనుకునేది ఎక్కువగా ట్యాంక్ అడుగునే: ఆ రాయి, ఆ గుంట, ఆ మూల. మనం కొత్తగా తెచ్చే చేప కూడా అక్కడే బతకాలి. అంటే దాని వాకిట్లోకే కొత్తవారిని పంపుతున్నాం. అందుకే పైన ఈదే చేపను ఎంచుకోవడం కన్నా అడుగున ఉండే చేపను ఎంచుకోవడానికి ఎక్కువ ఆలోచన కావాలి.

ముందు ఒక అపోహ వదులుకుందాం

ఏ చేపా ట్యాంక్‌ను శుభ్రం చేయదు. సక్కర్ చేప అద్దానికి పట్టిన నాచును కొంత గీకి తింటుంది, అంతే. మిగతా చేపల మలాన్ని అది తినదు. పైగా పెరిగిన సక్కర్ రోజూ వేసే మలం చూస్తే ఆశ్చర్యపోతారు. అంటే ఫిల్టర్ మీద భారం తగ్గకపోగా పెరుగుతుంది. సరిపడా తిండి దొరకని సక్కర్ కొన్నిసార్లు పక్క చేప ఒంటి మీది జిగురు పొరను కూడా గీకుతుంది.

అడుగు శుభ్రంగా ఉండాలంటే కావాల్సింది మంచి ఫిల్టర్, సైఫన్ పైపు, వారానికోసారి నాలుగో వంతు నీరు మార్చే ఓపిక. ఈ మూడూ లేకపోతే కొత్త చేపను తేవడం వాయిదా వేయండి. అడుగున తిరిగే చేప అందాన్ని, దాని విచిత్రమైన అలవాట్లను చూడాలనే కోరిక ఉంటేనే దాన్ని తెచ్చుకోవాలి.

కొనేముందు నాలుగు ప్రశ్నలు

మొదటిది: ఇది సిక్లిడ్ నోట్లో పడుతుందా? నోట్లో పట్టేదేదైనా ఆస్కార్‌కు మేతే. షాపుల్లో ముద్దుగా కనిపించే కొరిడోరస్ చేపలు 5 నుంచి 7 సెంటీమీటర్లే ఉంటాయి. వాటి రెక్కల్లో గట్టి ముళ్లు ఉంటాయి. భయపడగానే ఆ ముళ్లు బిగుసుకుని నిలబడతాయి. మన జెల్ల చేప ముల్లు గుచ్చుకుంటే ఎలా ఉంటుందో పల్లెల్లో పెరిగినవారికి చెప్పనక్కర్లేదు. కొరిడోరస్ కూడా ఆ జెల్లల వర్గంలోదే. ఆస్కార్ దాన్ని మింగబోతే అది గొంతులో ఇరుక్కుని రెండూ చనిపోవచ్చు. కాబట్టి చిన్న చేపకు ముళ్లున్నాయి కదా అని ధైర్యపడకూడదు. ముల్లు కంటే ముందు సైజు చూడాలి.

రెండోది: దెబ్బ తట్టుకునే ఒళ్లుందా? పొలుసుల బదులు ఎముక పలకలు కవచంలా ఉన్న చేపలు, గట్టి చర్మం, బలమైన ముళ్లు ఉన్న చేపలు సిక్లిడ్ పొడిచినా నిలబడతాయి. మెత్తటి ఒళ్లు, పొడవాటి వేలాడే రెక్కలు ఉన్నవి నిలబడలేవు.

మూడోది: పెరిగితే ఎంత అవుతుంది? షాపులో అన్నీ రెండు మూడు అంగుళాల పిల్లలే. అదే దాని సైజు అనుకుంటే మోసపోతాం. షాపతన్ని "ఇది పెద్దయితే ఎంత ఉంటుంది?" అని అడగండి. ఇంటికొచ్చి మీరూ ఒకసారి చూసుకోండి.

నాలుగోది: రెండింటికీ ఒకే నీరు సరిపోతుందా? ఆస్కార్ అమెజాన్ ప్రాంతపు చేప. పీహెచ్ 6.5 నుంచి 7.5 దాకా దానికి హాయి. మలావీ చేపలకు గట్టి నీరు, 7.8 నుంచి 8.6 దాకా పీహెచ్ కావాలి. మీ ఇంటి బోరు నీరు బక్కెట్ల మీద తెల్లటి చారలు వదిలేంత గట్టిగా ఉంటే, దానికి సరిపోయే చేపనే ఎంచుకోవడం తెలివైన పని. నీటిని మందులతో మార్చుకుంటూ పోవడం ఎక్కువ రోజులు సాగదు.

మీ ట్యాంక్‌లో ఉన్నది ఏ సిక్లిడ్?

*ఆస్కార్ అయితే:* ఇది 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. సరిగ్గా చూసుకుంటే 10 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది. నాలుగో తరగతిలో కొన్న చేప మీ అమ్మాయి ఇంటర్ పరీక్షలు రాసేటప్పుడు కూడా ఇంట్లో ఉండవచ్చు. దీనికి తోడుగా చారల రాఫెల్ క్యాట్‌ఫిష్ మంచి ఎంపిక. అదీ దక్షిణ అమెరికాదే. 20 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది. పక్కల పొడుగునా కొక్కేల్లాంటి ముళ్ల వరుస ఉంటుంది కాబట్టి ఆస్కార్ ఒకసారి నోరు పెట్టి చూసి వదిలేస్తుంది. నీటిలోంచి తీస్తే కిర్రుమని చప్పుడు చేయడం దీని ప్రత్యేకత. పగలంతా దాక్కుని రాత్రి తిరుగుతుంది.

ఫెదర్‌ఫిన్ సినోడాంటిస్ రెండో ఎంపిక. ఆఫ్రికా చేప అయినా రకరకాల నీటికి సర్దుకుంటుంది, 20 సెంటీమీటర్లు దాటుతుంది. మూడోది మామూలు సక్కర్. కవచం గట్టిది, ప్రాణం గట్టిది. కానీ 30 నుంచి 45 సెంటీమీటర్లు పెరుగుతుంది. 6 అడుగుల ట్యాంక్ ఉంటే తప్ప దాని జోలికి వెళ్లవద్దు. ఏది తెచ్చినా కనీసం 12 నుంచి 15 సెంటీమీటర్లు ఉన్నదాన్నే పెరిగిన ఆస్కార్ దగ్గర వదలండి.

క్లౌన్ లోచ్ నారింజ, నలుపు చారలతో ఎంతో అందంగా ఉంటుంది కాబట్టి పిల్లలు ముందు దాన్నే చూపిస్తారు. అది ఒంటరిగా ఉండలేదు, కనీసం ఐదారు కలిసి ఉండాలి. ఒక్కొక్కటీ 25 నుంచి 30 సెంటీమీటర్లు పెరుగుతుంది. పొలుసులు చాలా చిన్నవి కావడంతో తెల్లచుక్కల జబ్బు త్వరగా పడుతుంది, మందు మోతాదు కూడా జాగ్రత్తగా వేయాలి. పెద్ద ట్యాంక్, అనుభవం రెండూ ఉన్నవారికే అది.

*మలావీ సరస్సు చేపలైతే:* ఇవి 10 నుంచి 15 సెంటీమీటర్ల చేపలు. నోరు చిన్నది, కోపం పెద్దది. వీటికి తోడుగా ఆఫ్రికాలోని టాంగనీకా సరస్సు నుంచి వచ్చే సినోడాంటిస్ పెట్రికోలా బాగా సరిపోతుంది. నీరు రెండింటికీ ఒకటే. మూడు నాలుగు కలిపి వేస్తే ధైర్యంగా తిరుగుతాయి. ముక్కు మీద మీసాల్లాంటి కొసలుండే బ్రిజిల్‌నోజ్ సక్కర్ కూడా గట్టి నీటికి అలవాటుపడుతుంది. అది 12 నుంచి 15 సెంటీమీటర్లతో ఆగిపోతుంది కాబట్టి ఇళ్లకు అనువైనది. కాన్విక్ట్ సిక్లిడ్‌లు ఉన్న ట్యాంక్‌లో కూడా బ్రిజిల్‌నోజ్‌ను వేయవచ్చు. అయితే కాన్విక్ట్ జంట గుడ్లు పెట్టినప్పుడు దాన్ని వేరే తొట్టెకు మార్చాలి.

టాంగనీకాలోనే సినోడాంటిస్ మల్టీపంక్టేటస్ అనే ఇంకో చేప ఉంది. కోకిల కాకి గూట్లో గుడ్లు పెట్టే కథ మన పిల్లలందరికీ తెలుసు. ఈ చేపా అదే పని చేస్తుంది. సిక్లిడ్ తల్లి గుడ్లను నోట్లోకి తీసుకునే సమయానికి తన గుడ్లను మధ్యలో కలిపేస్తుంది. తల్లి వాటినీ మోస్తుంది. ముందుగా పొదిగిన ఈ పిల్లలు నోట్లోనే సిక్లిడ్ పిల్లలను తినేస్తాయి. అందుకే దీన్ని కుకూ క్యాట్‌ఫిష్ అంటారు. మీ పిల్లలతో చెప్పి చూడండి, ఎన్ని ప్రశ్నలు వస్తాయో!

*ఫ్లవర్‌హార్న్ అయితే:* ఇది ప్రకృతిలో ఉన్న జాతి కాదు. 1990లలో మలేషియాలో వేర్వేరు సిక్లిడ్‌లను కలిపి మనుషులు సృష్టించిన సంకరం. అదృష్టం తెస్తుందని మన దగ్గర కూడా చాలామంది కొంటారు. దీనికి తోడు వెతకవద్దు. కవచం ఉన్న సక్కర్‌ను కూడా ఇది వదలదు. కవచం లేని చోటు కళ్లే కాబట్టి దెబ్బ ముందు అక్కడే పడుతుంది. ఫ్లవర్‌హార్న్ ఒంటరిగా హాయిగా ఉంటుంది. "దానికి బోర్ కొడుతుందేమో" అని పిల్లలు జాలిపడితే, చోటు తనదొక్కదానిదే అయినప్పుడే అది ప్రశాంతంగా ఉంటుందని చెప్పండి.

షాపులో వద్దనాల్సినవి

'షార్క్' పేరుతో అమ్మే వెండి రంగు పిల్లలు చాలాసార్లు పంగాసియస్. మన గోదావరి, కృష్ణా జిల్లాల చెరువుల్లో తిండి కోసం పెంచేది ఆ చేపనే. ఒక మీటరు దాటి పెరగగల చేపకు హాల్లోని ట్యాంక్ చాలదు. ఎర్ర తోక క్యాట్‌ఫిష్ కూడా అంతే. పిల్లగా ఉన్నప్పుడు అందంగా ఉంటుంది, పెద్దయ్యాక మీ ఆస్కార్‌నే మింగుతుంది.

ఇంటికి తెచ్చేముందు, తెచ్చాక

దాక్కునే చోట్లు ముందే సిద్ధం చేయండి. వెడల్పైన పీవీసీ పైపు ముక్కలు, పగిలిన మట్టికుండ సగాలు చాలు. అంచులు అరగదీయండి. చేపల కంటే గుహలు ఎక్కువ ఉండాలి. అలా ఉంటే పోట్లాట తగ్గుతుంది. సిక్లిడ్‌లు అడుగును తవ్వుతాయి. ఇసుక మీద నిలబెట్టిన రాయి కూలి చేప నలగవచ్చు, అద్దం పగలవచ్చు. కాబట్టి రాళ్లను నేరుగా ట్యాంక్ అడుగు మీద కుదురుగా పెట్టి, ఆ తర్వాత ఇసుక పోయండి.

కొత్త చేపను రెండు మూడు వారాలు వేరే తొట్టెలో ఉంచి జబ్బులేమీ లేవని చూసుకోండి. కలిపే రోజున ట్యాంక్‌లో రాళ్లు, పైపుల చోట్లు మార్చండి. పాత చేప తన హద్దులను మళ్లీ వెతుక్కోవాల్సి వస్తుంది. ఆ కాస్త గందరగోళంలో కొత్త చేప తన మూల చూసుకుంటుంది. లైట్లు ఆర్పాక వదలడం మేలు. ముళ్లున్న చేపను వలతో పట్టకండి. ముల్లు వలలో చిక్కుకుంటుంది. ప్లాస్టిక్ డబ్బాతో నీటితో సహా తీయండి. చేత్తో పట్టే పని పిల్లలకు అప్పగించవద్దు. ట్యాంక్‌లో చేయి పెట్టేముందు హీటర్, మోటార్ స్విచ్‌లు ఆపడం, తర్వాత సబ్బుతో చేతులు కడగడం ఇంటి నియమం కావాలి.

మేత విషయంలో చాలామంది మరిచిపోయేది ఒకటుంది. పైన వేసిన మేత అడుగు దాకా రాదు, ఆస్కార్ రానివ్వదు. లైట్లు ఆర్పాక మునిగే మేత బిళ్లలు విడిగా వేయండి. సక్కర్‌లకు కీర దోసకాయ ముక్క, నమలడానికి నానబెట్టిన డ్రిఫ్ట్‌వుడ్ ఇవ్వండి. మిగిలిన దోసకాయను ఉదయమే తీసేయండి.

మొదటి వారం రోజూ టార్చ్‌తో చూడండి. రెక్కలు చిరగడం, కంటికి గాయం, పైమూలన నిలబడిపోవడం, గబగబా ఊపిరి తీయడం కనిపిస్తే "రెండ్రోజుల్లో సర్దుకుంటాయి" అని ఆగకండి. వెంటనే వేరు చేయండి. అందుకే విడి తొట్టె లేకుండా ఈ ప్రయత్నం మొదలుపెట్టవద్దు.

చెరువులో వదలకండి

పెద్దదైపోయిన సక్కర్‌ను చాలామంది దగ్గర్లోని చెరువులోనో, కాలువలోనో వదులుతారు. పుణ్యం అనుకుంటారు. ఈ చేప మన నీళ్లది కాదు. గాలి పీల్చి కూడా బతకగలదు. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. దాని కవచానికి, ముళ్లకు మత్స్యకారుల వలలు చిరుగుతాయి. తూర్పు కనుమల నీటి వనరుల్లో ఈ చేప విస్తరించిందని హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు నీటిలోని డీఎన్ఏ ఆధారంగా గుర్తించారు. మన ఇంట్లోంచి వెళ్లిన ఒక చేప ఇంకో ఇంటి జీవనాధారాన్ని దెబ్బతీయవచ్చు. పెంచలేకపోతే షాపుకు తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద ట్యాంక్ ఉన్నవారికి అప్పగించండి.

పిల్లలతో కలిసి చేయండి

*లెక్క:* ట్యాంక్ పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలిచి గుణించమనండి. ఒక ఘనపు అడుగుకు 28.3 లీటర్లు. 2×1×1 అడుగుల ట్యాంక్‌లో పట్టేది 57 లీటర్లే. 4×1.5×1.5 అయితే 255 లీటర్లు. ఒక్క ఆస్కార్‌కే దాదాపు 280 లీటర్లు కావాలంటారు. అంటే ఈ నాలుగు అడుగుల ట్యాంక్ కూడా కాస్త చిన్నదే! 255 లీటర్ల నీరంటే 255 కిలోలు. మరి స్టాండ్ ఎంత బలంగా ఉండాలి?

*సైన్స్:* చేపల మలం నుంచి వచ్చే అమ్మోనియాను ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. పాఠంలో చదివే నత్రజని వలయంలో ఒక భాగం ఇదే. కొత్త ట్యాంక్‌లో ఆ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. చేపలను ఆ తర్వాతే వేయాలి. పరీక్ష కిట్‌తో వారం వారం కొలిచి నోట్‌బుక్‌లో గ్రాఫ్ గీయమనండి.

*షాపుకు వెళ్లేముందు:* పైన చెప్పిన నాలుగు ప్రశ్నలను పిల్లల చేతే ఒక చీటీ మీద రాయించండి. షాపులో వాళ్లనే అడగనివ్వండి. నాలుగింటిలో ఒక్కదానికైనా సరైన జవాబు రాకపోతే ఆ రోజు ఖాళీ చేతులతో రావాలని ముందే మాట తీసుకోండి. నచ్చింది కళ్ల ముందు ఉండగా వద్దనుకోవడం పిల్లలకు కష్టమే, పెద్దలకూ కష్టమే. ఆ చేప ఇంటికొచ్చాక పడే కష్టం అంతకన్నా ఎక్కువ. ఆ సంగతి ఇంటి నుంచి బయలుదేరేముందే పిల్లలతో మాట్లాడండి.